దూరము – కాలము: ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానయానము



ఢిల్లీ నగరమునుండి అమెరికా పడమటి తీరమున నున్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు విమానము మీద దూరమెంత? అచ్చటికి పోవుటకు పట్టు కాలమెంత? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే నేటి నా ప్రసంగవిషయము. పైపైని చూచిన ఇది పాఠశాలలో అయిదవ తరగతి బాలునకు పలకమీద వేసి యిచ్చు లెక్కవలె కనబడును. దూరమును వేగముచే భాగించినచో కాలము వచ్చునని ఆ బాలుడు వెంటనే చెప్పును. అయినను ఇది అంత తేలికైన లెక్క కాదు. ఏలయన, ఈ రెండు నగరముల నడుమ మూడు దూరములు కలవు. ఒకే ప్రయాణమునకు రెండు కాలములు కలవు. ఏ దూరమును ఏ కాలముతో జతపరుపవలెనో తెలియనిచో ఎంత చక్కగా భాగహారము చేసినను ఫలము తప్పును.

ఈ లెక్క నేడు తెలుగువారికి కేవల వినోదము కాదు. మన పల్లెలలో ఎన్నియో ఇండ్లయందు వృద్ధులైన తలిదండ్రులు మాత్రమే యున్నారు. కుమారులును కుమార్తెలును ఆ పడమటి తీరమున ఉద్యోగములు చేసికొనుచున్నారు. తండ్రి మంచము పట్టెననియో, తల్లి కాలధర్మము నొందెననియో వార్త పోయినప్పుడు, వాకిట చేరిన బంధువులు మొదట అడుగు ప్రశ్న "అబ్బాయి ఎప్పటికి రాగలడు?" అనునదియే. అప్పుడు ఒకరు పదునారు గంటలందురు. మరియొకరు టిక్కెట్టు చూచి ఇరువది యెనిమిదిన్నర గంటలందురు. దహనమునకు వేచియుండవలెనా వలదా అను నిర్ణయము ఆ మాటపై ఆధారపడియుండును. కావున దీనిని చల్లని వేళ కూర్చుండి నేర్చికొని యుంచుట మంచిది.

మొదట దూరమును గూర్చి చెప్పెదను. బడిగోడకు వ్రేలాడు దేశపటమును చూచినచో ఢిల్లీ ఒక మూలను, శాన్‌ఫ్రాన్సిస్కో మరియొక మూలను కనబడును. నావికులు వాడు మెర్కేటరు పటముమీద ఢిల్లీనుండి తూర్పుగా పసిఫిక్ సముద్రము మీదుగా సరళరేఖ గీచి, ఆ రేఖవెంట భూమిపై కొలిచినచో దూరము సుమారు 15,000 కిలోమీటరులగును. ఇది మొదటి దూరము. కాని భూమి కాగితము కాదు, గోళము. ఆర్యభటుడు క్రీస్తుశకము 499 ప్రాంతమున రచించిన తన గ్రంథమునందు భూగోళమును కదంబపుష్పముతో పోల్చెను. కడిమిపూవు బంతికి అన్ని వైపుల కేసరములు నిలిచియున్నట్లు భూమికి అన్ని వైపుల ప్రాణులు నిలిచియున్నవని అతని భావము. బంతిమీద దగ్గరి దారి ఏదో తెలియవలెనన్నచో దారమే సాధనము. గోళమును తెచ్చి, ఢిల్లీవద్ద దారపు కొసను వ్రేలితో నొక్కిపట్టి, రెండవ కొసను శాన్‌ఫ్రాన్సిస్కోవద్ద పట్టి బిగువుగా లాగుడు. ఆ దారము తూర్పునకు పోదు, పడమటికిని పోదు. దాదాపు నేరుగా ఉత్తరమునకు పోవును. టిబెట్టును, చీనాలోని సింకియాంగును దాటి, సైబీరియా మీదుగా ఉత్తర హిమసముద్రము చేరి, ఉత్తరధ్రువమునకు 1,600 కిలోమీటరుల సమీపము దాకా పోయి, అలాస్కామీదుగా దిగి, కెనడా పడమటి యంచున శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరును. దీనికే మహావృత్తమార్గమని పేరు. దీని పొడవు సుమారు 12,400 కిలోమీటరులు. ఇది రెండవ దూరము. పటముమీది సరళరేఖకంటె ఇది 2,600 కిలోమీటరులు తక్కువ. భూమిమీద ఏ రెండు స్థలములకును నడుమ దగ్గరి దారి 20,000 కిలోమీటరులకు మించి యుండదు. కావున ఈ నగరముల యెడము ఆ పరమావధిలో అయిదింట మూడు వంతులకు మించినది.

మూడవ దూరము విమానము నిజముగా పోవు దారి. దారపు దారిని విమానము ఉన్నదున్నట్లు అనుసరింపజాలదు. దీనికి కారణములు పెక్కు కలవు. వానిలో మొదటిది టిబెట్టు పీఠభూమి. విమానము పది పదునొకండు కిలోమీటరుల ఎత్తున ఎగురుచుండగా లోపలి గాలి ఏ కారణముచేతనైన తగ్గిపోయినచో, చోదకుడు వెంటనే మూడు కిలోమీటరుల ఎత్తునకు దిగవలెను. అచ్చట ప్రయాణికులు యంత్రసహాయము లేకయే ఊపిరి పీల్చుకొనగలరు. టిబెట్టు భూమియే సగటున నాలుగున్నర కిలోమీటరుల ఎత్తున నున్నది. దిగవలసిన చోట కొండ యున్నది. కావుననే విమానములు ఆ పీఠభూమిని సాధ్యమైనంతవరకు తప్పించుకొని పోవును. రెండవది రాజ్యముల సరిహద్దులు. నేలమీది గీతలు ఆకాశమునందును కలవు. 2019 ఫిబ్రవరిలోను, మరల 2025 ఏప్రిలులోను పాకిస్తాను తన ఆకాశమును భారతీయ విమానములకు మూసినప్పుడు ఢిల్లీనుండి పడమటికి పోవు విమానములు దక్షిణముగా చుట్టి పోవలసివచ్చెను. మూడవది ఆపద వచ్చినప్పుడు దిగుటకు తగిన విమానాశ్రయము అందుబాటున నుండవలెనను నియమము. ఇది ఉత్తమాటకు పెట్టిన నియమము కాదు. 2023 జూనులో ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిర్ ఇండియా విమానమొకటి యంత్రదోషమువలన రష్యాదేశపు తూర్పు తీరమున మగదాను పట్టణమున దిగెను. అందున్న 216 మంది ప్రయాణికులును 16 మంది సిబ్బందియు క్షేమముగా నుండిరి. మరియొక విమానము పోయి వారిని గమ్యమునకు చేర్చెను. మగదాను పేరు అంతకుముందు వారిలో ఎంతమంది విని యుందురు? అట్టి ఊరొకటి దారిప్రక్కన నుండుటవలననే వారు బ్రతికి బయటపడిరి.

ఇక కాలమును గూర్చి. దగ్గరి దారియే త్వరగా చేర్చునని అందరము తలతుము. ఆకాశమున అట్లు కాదు. గోదావరిలో పడవ నడుపువారిని అడుగుడు. రాజమహేంద్రవరమునుండి పాపికొండలకు ఎదురేగు పడవయు, పాపికొండలనుండి రాజమహేంద్రవరమునకు దిగు పడవయు నడుచు దూరమొక్కటియే. పట్టు కాలము వేరు. ఆకాశమునందును అట్టి నదులు కలవు. తొమ్మిది మొదలు పండ్రెండు కిలోమీటరుల ఎత్తున, పడమటినుండి తూర్పునకు, గంటకు నూరు మొదలు రెండు వందల కిలోమీటరులకు పైబడిన వేగముతో గాలి ప్రవాహము కట్టి పారుచుండును. జపానుదేశపు శాస్త్రజ్ఞుడు ఓయిషి 1920 తరువాతి సంవత్సరములలో బుడగలను పైకి వదలి ఈ ప్రవాహమును కనిపెట్టెను. విమానము తనంతట గంటకు 900 కిలోమీటరులు పోవుననుకొందము. ఈ గాలి వీపున తోసినచో అది వేయింటికి మించును. ఎదురైనచో ఎనిమిది వందలకు దిగును.

దీనికొక చక్కని నిదర్శనము కలదు. ఎయిర్ ఇండియావారు 2015 డిసెంబరులో ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు నడుమ మజిలీ లేని విమానమును ఆరంభించిరి. అది మొదట యూరపును, అట్లాంటిక్ సముద్రమును దాటి పడమటి దిక్కుగా పోయెడిది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటరులు. పట్టు కాలము పదునారు గంటలకు పైమాట. 2016 అక్టోబరులో వారు దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ సముద్రము మీదుగా విమానమును నడిపిరి. ఆ దారి 15,300 కిలోమీటరులు, అనగా 1,400 కిలోమీటరులు అధికము. అయినను విమానము పదునాలుగున్నర గంటలలో చేరెను. భాగించి చూడుడు. 15,300ను 14½చే భాగింపగా గంటకు 1,055 కిలోమీటరులు వచ్చును. 13,900ను 16చే భాగింపగా 869 వచ్చును. ఈ 186 కిలోమీటరుల భేదము గాలిది, విమానముది కాదు. దూరపు దారి త్వరగా చేర్చినది. పోవునప్పుడు పసిఫిక్ మీదుగాను, వచ్చునప్పుడు అట్లాంటిక్ మీదుగాను రెండు మారులును తూర్పునకే పోయిన ప్రయాణికుడు తనకు తెలియకుండగనే భూప్రదక్షిణము చేసినవాడగును. మన కథలో కుమారస్వామి నెమలినెక్కి భూప్రదక్షిణమునకు పోగా, విఘ్నేశ్వరుడు తలిదండ్రులకు ప్రదక్షిణము చేసి గెలిచెను. నేటి బిడ్డలకు ఆ రెండును ఒక్కటే యగుచున్నవి. తలిదండ్రులను చూడవలెనన్న భూమిని చుట్టవలెను.

ఇచ్చట కొందరికి ఒక సందేహము కలుగును. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా. విమానము పైకెగిరి కదలక నిలిచియున్నచో భూమియే తిరిగి వచ్చి అమెరికాను దాని క్రిందికి చేర్చదా? ఈ సందేహము పెద్దవారు సైతము అడుగగా వింటిని. పడవలో పోవువానికి గట్టుమీది చెట్లు వెనుకకు పోవుచున్నట్లు కనబడునని ఆర్యభటుడు చెప్పి, నక్షత్రముల గమనము అట్టిదే యని భూభ్రమణమును సూచించెను. ఆ పోలికనే కొంత సాగింపుడు. నడుచుచున్న పడవలో నిలిచి బంతిని నిలువుగా పైకెగురవేసినచో అది మరల మన చేతిలోనే పడును. వెనుక నీటిలో పడదు. పడవ వేగము బంతికిని కలదు. అట్లే భూమియు, దాని నంటియున్న వాయుమండలమును, అందలి విమానమును కలసియే తిరుగుచున్నవి. కావున భూభ్రమణము విమానమునకు నేరుగా చేయు ఉపకారము లేదు. తూర్పు ప్రయాణము త్వరితమగుటకు పై యెత్తున పారు గాలియే కారణము.

ఇక రెండు కాలములని చెప్పితిని గదా. ఒకటి ప్రయాణికుడు విమానములో నిజముగా గడపిన కాలము; రెండవది గడియారములు చూపు కాలము. ఈ భేదము మన జ్యోతిశ్శాస్త్రమునకు క్రొత్త కాదు. లంక, యమకోటి, సిద్ధపురి, రోమకము అని నాలుగు స్థానములను భూమధ్యరేఖపై తొంబదేసి భాగల ఎడమున గ్రహించి, లంకయందు సూర్యోదయమైనప్పుడు యమకోటియందు మధ్యాహ్నమనియు, సిద్ధపురియందు అస్తమయమనియు, రోమకమందు అర్ధరాత్రమనియు మన సిద్ధాంతులు చెప్పిరి. పంచాంగగణనయందు దేశాంతరసంస్కారమని చేయునది ఇదియే. నేటి లెక్క మరింత సులభము. భూమి గంటకు పదునైదు భాగలు తిరుగును. భారతదేశపు కాలము తూర్పు రేఖాంశము 82½ భాగలకు కట్టినది. శాన్‌ఫ్రాన్సిస్కో కాలము పడమటి రేఖాంశము 120 భాగలకు కట్టినది. రెండును కూడగా 202½. దీనిని పదునైదుచే భాగింపగా పదుమూడున్నర గంటలు. మన కాలము వారి కాలముకంటె అంత ముందున్నది. మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారము వరకు వారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు. ఆ దినములలో భేదము పండ్రెండున్నర గంటలే.

ఇప్పుడు ఒక లెక్క చేయుదము. వేసవిలో ఢిల్లీనుండి తెల్లవారుజామున 4 గంటలకు విమానము బయలుదేరి పదునైదున్నర గంటలు పయనించినదనుకొందము. మన గడియారమున రాత్రి 7 గంటల 30 నిమిషములగును. అందుండి పండ్రెండున్నర గంటలు తీసివేయగా, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేది ఉదయము 7 గంటలు. టిక్కెట్టు చూచినవానికి 4 గంటలకు బయలుదేరి 7 గంటలకు చేరినట్లు, అనగా మూడు గంటల ప్రయాణమైనట్లు తోచును. తిరుగు ప్రయాణమున సోమవారము ఉదయము 10 గంటలకు అచ్చట బయలుదేరినచో మన కాలము సోమవారము రాత్రి 10 గంటల 30 నిమిషములు. పదునారు గంటలు గడువగా ఢిల్లీకి మంగళవారము మధ్యాహ్నము 2 గంటల 30 నిమిషములకు చేరును. టిక్కెట్టుమీద ఇరువది యెనిమిదిన్నర గంటలు కనబడును. ఈ మూడును ఇరువది యెనిమిదిన్నరయు కూడగా ముప్పది యొకటిన్నర; నిజకాలములైన పదునైదున్నరయు పదునారును కూడినను ముప్పది యొకటిన్నరయే. పోవునప్పుడు గడియారము దాచిన కాలమును వచ్చునప్పుడు తిరిగి యిచ్చివేయుచున్నది. అందువలన ఎవరికిని ఒక్క నిమిషమైనను లాభము లేదు, నష్టము లేదు.

తద్దినముల విషయమునను ఈ భేదమును మరువరాదు. తిథి యనగా చంద్రసూర్యుల యెడమున పండ్రెండు భాగల వృద్ధి. అది ఆరంభమగు క్షణము లోకమంతటికి ఒక్కటే. ఆ క్షణమున ఇచ్చట ఉదయమైనచో అచ్చట గడచిన దినపు సాయంకాలము. మన ఊరికి గణించిన పంచాంగమును చూచి అదే తేదిన అచ్చట శ్రాద్ధము పెట్టినచో ఒకప్పుడు తిథి తప్పును. అచ్చటివారు తాము నివసించు ఊరికి గణించిన పంచాంగమును చూచుకొనవలెను.

మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము: అబ్బాయి ఎప్పటికి రాగలడు? సోమవారము ఉదయము 6 గంటలకు గుంటూరు జిల్లాలోని పల్లెనుండి వార్త పోయినదనుకొందము. వేసవి దినములైనచో అచ్చట ఆదివారము సాయంకాలము 5 గంటల 30 నిమిషములు. పై లెక్కలోని సోమవారపు విమానమునందు చోటు దొరకినచో అతడు ఢిల్లీకి మంగళవారము మధ్యాహ్నము 2 గంటల 30 నిమిషములకు చేరును. అచ్చటి తనిఖీలకును, హైదరాబాదు విమానమునకై వేచియుండుటకును నాలుగు గంటలు. ఆ విమానయానమునకు రెండుంబావు గంటలు. సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు ఒక గంట. రోడ్డుమీద పల్లెకు చేరుటకు ఆరు గంటలు. ఇవన్నియు కూడగా బుధవారము తెల్లవారుజామున 3 గంటల 45 నిమిషములకు అతడు వాకిట నిలుచును. వార్త పోయిన వేళనుండి దాదాపు నలువదియారు గంటలు. సముద్రములను దాటిన విమానయానము అందు పదునారు గంటలే. తక్కిన ముప్పది గంటలు వేచియుండుటకును, నేలమీది ప్రయాణమునకును, చిన్న విమానమునకును సరిపోయినవి. "పదునారు గంటలలో వచ్చును" అని సోమవారము రాత్రి 10 గంటలకు ఎదురుచూచు బంధువులకును, నిజముగా అతడు వచ్చు వేళకును నడుమ ముప్పది గంటల యెడము కలదు. ఆ ముప్పది గంటలను ముందే యెరిగినవారు మంచుపెట్టెను తెప్పించుటయా, లేక రాజాలని కుమారునకు మారుగా మరియొకరిచే క్రియ జరిపించుటయా అను నిర్ణయమును తొట్రుపాటు లేక చేయుదురు. ఎరుగనివారు రెండింటి నడుమ నలిగి, తుదకు ఆ బిడ్డను నిందింతురు. దూరము చేసిన దోషమునకు బిడ్డను నిందించుట న్యాయము కాదు.

పూర్వుల ఓర్పును తలచుకొన్నచో ఈ నలువదియారు గంటలు స్వల్పముగనే కనబడును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదిన చెన్నపట్టణమున బయలుదేరి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదిన తిరిగి ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు పైగా పట్టినది. 1935 నవంబరు 22వ తేదిన చైనా క్లిప్పరు అను నీటివిమానము తపాలాసంచులతో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరి, హొనొలూలు, మిడ్వే, వేక్, గ్వాము దీవులందు మజిలీలు చేసికొనుచు ఏడవ దినమున మనీలా చేరెను. 1948 జూన్ 8వ తేదిన మలబారు ప్రిన్సెస్ అను విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు పోయినప్పుడు అది మన దేశమున గొప్ప విశేషముగా చెప్పుకొనబడెను. నేడు మజిలీ లేకుండ అంతకు రెట్టింపు దూరము పోవుచున్నారు.

కావున శ్రోతలకు నా మనవి మూడు మాటలు. దూరమును పటముమీద కాక గోళముమీద కొలువుడు. ప్రయాణకాలమును లెక్కించునప్పుడు రెండు గడియారములను కలుపక, ఆద్యంతము భారతకాలమునే పట్టుకొనుడు. విమానపు గంటలకు ముందు వెనుకల నేలమీది గంటలను తప్పక చేర్పుడు. మీ పిల్లలున్న ఊరికిని మన కాలమునకును గల భేదమును, వేసవికి శీతకాలమునకు వేరువేరుగా, ఒక కాగితముమీద వ్రాసి గోడ గడియారము క్రింద అంటించి యుంచుడు. ఇంటిలో చదువుకొన్న బాలుడు లేని వేళనైనను ఆ కాగితము మీకు అక్కరకు వచ్చును.